కాగితం పైన ముందు ‘ఎవరికి’ అని రాయండి

మాది విశాఖలో కోర్టు దగ్గర చిన్న కొట్టు. జగదాంబ జంక్షన్‌లో దిగితే నడిచి వచ్చేయొచ్చు. జాబ్ టైపింగ్, డీటీపీ, జిరాక్స్. ముప్పై ఏళ్ళు దాటింది ఈ కుర్చీలో కూర్చుని. అర్జీలు, అఫిడవిట్లు, అద్దె అగ్రిమెంట్లు, పెళ్ళి సంబంధానికి బయోడేటాలు, అల్లుడికి పెద్దమనుషుల ముందు ఇవ్వాల్సిన ఉత్తరాలు, అన్నీ కొట్టాను. వచ్చేవాళ్ళలో సగం మంది కూర్చోగానే అనే మాట ఒక్కటే: “నాకు రాయడం రాదమ్మా, నువ్వే ఏదోటి రాసీ.”

నేను అడిగేదీ ఒక్కటే. “ఎవరికి పంపాలి?”

అంతే, ఎక్కడ లేని మాటలూ వచ్చేస్తాయి. కలెక్టరుగారికైతే ఒకలా, దుబాయ్‌లో ఉన్న కొడుక్కైతే ఒకలా, అడ్వాన్సు తిరిగివ్వని ఇంటాయనకైతే ఇంకోలా. నిమిషం కిందట “రాదమ్మా” అన్న మనిషి, నా వేళ్ళు అందుకోలేనంత వేగంగా చెప్పుకుపోతారు. వాళ్ళకి భాష ముందు నుంచీ ఉంది. లేనిదల్లా ఎదురుగా ఒక ముఖం.

ప్రింటవుట్లకి వచ్చే కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు, ఇంటి పని అయ్యాక ఏదో రాసుకుందామనుకునే ఆడవాళ్ళు నన్ను అడుగుతుంటారు: “మేడం, రాయాలని ఉంది, కూర్చుంటే రావట్లేదు, రాసినా ఎవరికీ చూపించబుద్ధి కాదు, ఏం చెయ్యాలి?” నిలబడి చెప్పడానికి కొట్టులో కుదరదు. అందుకని నాకు పనికొచ్చినదంతా ఇక్కడ రాస్తున్నాను.

అర్జీలో ఉన్న కిటుకు

అర్జీ ఎలా మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. పైన ‘గౌరవనీయులైన ఫలానా వారికి’. కింద ‘విషయం’ అని ఒక్క లైను. ఆ తర్వాత ‘అయ్యా, నమస్కరించి వ్రాయునది ఏమనగా’. శతాబ్దాల నాటి పద్ధతి అనుకుని చాలామంది దీన్ని పట్టించుకోరు. నాకు మాత్రం రాయడం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి కనబడలేదు.

మీరు కథ రాయండి, కవిత రాయండి, మీ నాయనమ్మ చేసే ఉల్లి ఆవకాయ గురించి రాయండి. ముందు కాగితం పైన ఒక పేరు రాయండి. ‘పాఠకులకు’ అని రాయకండి, దానికి ముఖం ఉండదు. ‘సమాజానికి’ అసలే వద్దు. ఒక్క మనిషి పేరు కావాలి. ఆ మనిషిని ఎంచుకోవడంలోనే అసలు జాగ్రత్త ఉంది. తప్పులు వెతికేవాళ్ళ పేరు రాశారో, చెయ్యి ముందుకు కదలదు. మీకు తెలిసినవాళ్ళలో తెలివైనవాళ్ళని కూడా వెతకనక్కర్లేదు. మీరు ఊరి నుంచి వస్తే గుమ్మంలోనే ఆపి “ఏటి సంగతులు?” అని అడిగి, చెప్పిందాకా వదలని మనిషి ఎవరో, వాళ్ళ పేరు రాయండి. చనిపోయినవాళ్ళైనా ఫర్లేదు. మా నాన్న పేరు మీద నేను రాసినవి చాలా ఉన్నాయి.

రెండో లైను ‘విషయం’. ఒకే వాక్యంలో పట్టాలి. “పూర్ణా మార్కెట్లో నా చెప్పు తెగిన రోజు” అన్నది విషయం. “జీవితం” అన్నది విషయం కాదు. అర్జీలో ‘విషయం: నా కష్టాలు’ అని రాస్తే ఏ ఆఫీసులోనూ తీసుకోరు. ‘విషయం: ఫలానా నెల పింఛను అందనందున’ అని ఉంటేనే ఆ కాగితం ఒక టేబుల్ దగ్గరికి వెళుతుంది. రాత కూడా అంతే, చిన్నగా ఉంటేనే కదులుతుంది.

మూడో లైను నుంచి ఆ మనిషితో మాట్లాడండి. పూర్తయ్యాక పై రెండు లైన్లూ కొట్టేయండి. ఇల్లు కట్టడం అయ్యాక పరంజా విప్పేస్తాం కదా, అలాగే.

నేను ఎలా మొదలుపెట్టానంటే

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడిన రోజు. ఆ రోజు ఇక్కడ ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కొట్టు ముందు రేకు లేచిపోయింది. భిలాయ్‌లో ఉన్న మా అక్కకి మేం బతికున్నామో లేదో చెప్పే దారి లేదు. మూడో రోజు రాత్రి కొవ్వొత్తి వెలిగించి, మిషన్లో ఇరుక్కుని ముడతపడ్డ తెల్ల కాగితాలు తీసుకుని, “అక్కా” అని మొదలుపెట్టాను. అప్పటిదాకా నా సొంత మాట ఒక్కటి కూడా రాసి ఎరగను. ఇరవై ఏళ్ళకి పైగా ఊరందరి మాటలూ కొట్టాను, నావి మాత్రం ఎప్పుడూ లేవు.

గోడ గురించి రాశాను. గాలికి చెట్ల ఆకులన్నీ తునకలై మా ఇంటి గోడకి రుబ్బి పూసినట్టు అతుక్కుపోయాయి. తలుపు, కిటికీ, మెట్లు, అంతా ఆకుపచ్చ. గోరుతో గీకితే పచ్చి పెసరకాయ వలిచినప్పటి వాసన వచ్చింది. బయటికొచ్చి చూస్తే కైలాసగిరి కొండ కాల్చేసినట్టు గోధుమ రంగులో ఉంది. పక్కింటి మామ్మగారు బకెట్టు పట్టుకుని నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడి, విరిగిన వేపచెట్టు వైపు చూడకుండా ముఖం తిప్పుకుని ఉన్నారు. ఆవిడ పెంచిన చెట్టు అది. ఇవన్నీ రాసి, పోస్టాఫీసు తెరిచాక పంపించాను.

ఉత్తరం చేరేలోపే ఫోన్లు వచ్చాయి, అక్కతో మాట్లాడాను కూడా. ఆ తర్వాత ఓ రోజు అక్క మళ్ళీ ఫోన్ చేసింది. “ఫోన్లో ‘బాగానే ఉన్నాం’ అన్నావు. నీ ఉత్తరం చదివాకే తెలిసిందే, ఏం జరిగిందో. మా క్వార్టర్స్‌లో తెలుగువాళ్ళందరికీ చదివి వినిపించాను. మామ్మగారి దగ్గరికొచ్చేసరికి అందరూ ఏడ్చారు” అంది. నా వాక్యాలు నేను చూడని ఊళ్ళో, నేను ఎరగని మనుషుల చెవిన పడ్డాయి. ఆ మాట విన్న రోజు నుంచి నేను ఆపలేదు.

అందుకే “స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుంది” అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. దాని కోసం కూర్చుని ఎదురుచూడకండి. ఒక మనిషికి చెప్పాలన్న తహతహ ఉంటే చాలు, అది చేత్తో పని చేయిస్తుంది. అది లేని రోజు ఎంత మంచి పెన్ను కొన్నా కదలదు.

టైము, కొలత

ఉదయం తొమ్మిది నుంచి కొట్టులో రద్దీ. పదిన్నరకి కోర్టులో కాల్‌వర్క్, అంటే కేసులు పిలవడం, మొదలవుతుంది, వకీళ్ళూ క్లయింట్లూ అందరూ లోపలికి వెళ్ళిపోతారు. ఓ గంట నాకు దొరుకుతుంది. రోజూ అదే గంట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాయమని చెప్పేవాళ్ళున్నారు. లేవగలిగితే మంచిదే. కానీ ఇల్లు, పిల్లలు, వంట నెత్తి మీద ఉన్నవాళ్ళు మీ రోజులో సహజంగా ఖాళీ అయ్యే చోటు ఏదో చూసుకోండి. కుక్కరు మూడు కూతలు కూసే లోపు కూడా నాలుగు లైన్లు పడతాయి.

కొలత: ఏ4 కాగితానికి ఒక వైపు. అంతే. అంతకంటే ఎక్కువ వస్తున్నా ఆపేస్తాను. చెప్పాల్సింది కాస్త మిగిలి ఉంటే మర్నాడు కొట్టు తాళం తీస్తున్నప్పుడే ఆ వాక్యం నోట్లో ఆడుతుంటుంది.

ఇంకో మాట, ఇది నా వృత్తి నేర్పింది. నేను 1990లో తెలుగు టైపు లోయర్, ఆ తర్వాత హయ్యర్ పాసయ్యాను. పాత టైపు మిషన్ మీద బ్యాక్‌స్పేస్ కొడితే క్యారేజీ ఒక గడి వెనక్కి వస్తుంది, అంతేగానీ పడిన అక్షరం పోదు. కింద రెండు కార్బన్ కాపీలు కూడా ఉంటాయి. అందుకని తప్పు పడినా లైను పూర్తి చేసి ముందుకే వెళ్ళేవాళ్ళం, చివర్లో ఒకేసారి సరిచేసుకునేవాళ్ళం. కంప్యూటరు వచ్చాక చెరపడం తేలికైంది. ఇప్పుడు పిల్లలు ఒక వాక్యం కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి, గంట తర్వాత చూస్తే తెర ఖాళీగా ఉంటుంది. మొదటిసారి రాసేటప్పుడు మీ దగ్గర పాత టైపు మిషనే ఉందనుకోండి. ముందుకే వెళ్ళండి. సరిచేయడం మర్నాటి పని.

అయినా ఏమీ రాని రోజులుంటాయి. అప్పుడు నేను విన్నవి రాస్తాను. నేను ఉండేది ఇసుకతోట. సాయంత్రం బస్సులో కండక్టరు గొంతు, “మద్దిలపాలెం, ఇసుకతోట, ఎంకోజీపాలెం, అనుమంతవాక...” అని ఒకే ఊపిరిలో ఎలా అంటాడో, ఎక్కడ దీర్ఘం తీస్తాడో, అలాగే రాసుకుంటాను. నా వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు చీటీల గురించి మాట్లాడుకుంటుంటే ఆ తూగు రాసుకుంటాను. దాంట్లోంచి కథ రావాలని లేదు. చెవికి పని పెడితే చెయ్యి మళ్ళీ దారిలో పడుతుంది.

“నా భాష బాగోదండీ”

ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. ముఖ్యంగా మన ఉత్తరాంధ్ర వాళ్ళు అంటుంటే. టీవీలో వినబడేదే తెలుగు, మనం మాట్లాడేది కాదు అని ఎవరు చెప్పారో గానీ చాలామంది నమ్మేశారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం వైపు పుట్టినవారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఇదే విశాఖలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు కోర్టు వరండాల్లోనూ సారా కొట్ల దగ్గరా వినబడే మాటని ఉన్నదున్నట్టు కథల్లోకి తీసుకొచ్చారు. నేను రోజూ టైపు కొట్టే చోట వినబడే మాట కూడా అదే. అది పుస్తకాల్లో నిలిచినప్పుడు మీ అమ్మమ్మ మాట ఎందుకు నిలవదు? “వచ్చీసినాడు” అని మీ ఇంట్లో అంటే “వచ్చీసినాడు” అనే రాయండి.

రాయడానికి చెయ్యి అలవాటు లేనివాళ్ళు ఫోన్లో రికార్డరు పెట్టుకుని ముందు మాట్లాడేయండి, తర్వాత విని రాసుకోండి. కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెబితే అక్షరాలు పడతాయి, అది కూడా మంచి సదుపాయమే. కాకపోతే మన యాస మాటల్ని అది తనకి తెలిసిన మాటల్లోకి మార్చేస్తుంది. ఒకసారి చదివి మీ మాటని మీరు వెనక్కి తెచ్చుకోవాలి.

మొదట ఎవరికి వినిపించాలి

ఇక పంచుకోవడం. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. నేనూ ఆగాను. అక్కకి ఉత్తరాలు రాయడం వేరు, కథ అని పేరు పెట్టి బయటికి ఇవ్వడం వేరు.

ముందుగా ఒక హద్దు చెప్పాలి. నా టేబుల్ మీదికొచ్చే కాగితాల్లో మనుషుల గుట్లుంటాయి. అవి టేబుల్ దాటకూడదు. మీకు కూడా ఇలాంటి హద్దు ఉండే ఉంటుంది, స్నేహితురాలు నమ్మి చెప్పిన మాట, తోటికోడలి ఇంటి గొడవ. ఇంకొకరి దుఃఖం మీ కథకి పనికొస్తుందనిపిస్తే వెళ్ళి అడగండి. వద్దంటే వదిలేయండి.

నేను అలా అడిగింది జాలరిపేట నుంచి వచ్చిన ఒకావిడని. వేట నిషేధం రోజుల్లో ఇచ్చే భృతి జాబితాలో వాళ్ళాయన పేరు రాలేదని అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. చెబుతూ చెబుతూ వాళ్ళ మావగారు తుఫానులో దారి తప్పి ఒడ్డుకు చేరిన కథ చెప్పింది. “అమ్మా, దీన్ని నేను కథగా రాసుకోవచ్చా?” అన్నాను. “రాసుకో, గానీ నాకు సదివి ఇనిపించాల” అంది.

నెల తర్వాత అర్జీ సంగతి కనుక్కోవడానికి వచ్చినప్పుడు స్టూలు వేసి కూర్చోబెట్టి చదివాను. గంప పక్కన పెట్టుకుని, చెంగు మూతికి అడ్డం పెట్టుకుని వింది. రెండో పేజీలో చెయ్యెత్తి ఆపింది.

“మే నెలలో యాటకెల్లినాడని రాసినావేటి? మేలో యాటెక్కడిది?”

నిజమే. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు బోట్లు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపేస్తారు. ఆవిడ అర్జీ టైపు కొట్టినదాన్ని నేనే, ఆ తేదీలు నా వేళ్ళతో కొట్టినదాన్ని నేనే, అయినా కథలో మే అని రాశాను. ఎండ బాగా వర్ణించొచ్చని. ఎండ తీసేసి నవంబరు చేశాను.

ఇంకా ఉంది. చివర్లో మావగారు ఒడ్డుకి రాగానే అత్తగారు బోరున ఏడ్చినట్టు రాశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “మాయత్త ఏడవనేదమ్మా. పడవలో ఏటున్నాదో సూసింది. రెండు వంజరాలున్నాయి. గంపలోకేసుకుని మార్కెట్టుకి ఎల్లిపోనాది. సాయంత్రం తిరిగొచ్చినాక, అన్నం ఎడతా ఎడతా అప్పుడు కొట్టింది ఆయన్ని, గరిటతో” అంది.

నేను వారం రోజులు ఆలోచించి రాసిన ముగింపు కంటే ఆవిడ చెప్పింది వెయ్యి రెట్లు నిజం. అలాగే మార్చాను. రాసినది ముందుగా ఆ బతుకు తెలిసినవాళ్ళకి చదివి వినిపించండి అని నేను ఎందుకు పట్టుబడతానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చదివేటప్పుడు వాళ్ళ ముఖం చూడండి. ఎక్కడ చూపు పక్కకి పోయిందో అక్కడ మీ కథలో ఏదో తేడా ఉంది. “బాగుందా?” అని అడగకండి, మన ఊళ్ళో ఎవరూ ముఖం మీద బాగోలేదనరు. “ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు?” అని అడగండి.

నలుగురి ముందు

ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది కదా, అక్కడ సాహిత్య సభలు జరుగుతుంటాయి. మూడుసార్లు వెళ్ళి చివరి వరసలో కూర్చుని వచ్చేశాను. ఇలా వెళ్ళి ఊరికే వినడం కూడా పనే, ఎవరు ఎలా చదువుతున్నారో తెలుస్తుంది. నాలుగోసారి చదివాను.

చదవబోయే కాగితం గురించి మాత్రం నా మాట వినండి, ఇది నాకు బాగా తెలిసిన పని. అక్షరం 18 పాయింటు ఉండాలి. ఒక వైపే ప్రింటు తీయండి. పిన్ను కొట్టకండి, తిప్పేటప్పుడు చప్పుడవుతుంది, చేతులు వణికితే మరీను. అట్ట మీద పెట్టుకుని ఒక్కో కాగితం వెనక్కి జరుపుకోండి. పేజీ నంబరు పెద్దగా వేయండి. పేజీ చివర వాక్యం తెగకుండా చూసుకోండి. ఊపిరి తీసుకునే చోట పెన్సిలుతో చిన్న గీత. ఇంట్లో రెండుసార్లు గడియారం పెట్టుకుని పైకి చదవండి. ఐదు నిమిషాలిస్తే నాలుగు నిమిషాల్లో అయ్యేలా కోసుకురండి.

చేతులు వణుకుతాయి. నావి రెండు పేజీల దాకా వణికాయి. ‘మార్కెట్టుకి ఎల్లిపోనాది’ దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు, గరిట దగ్గర హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఒక పెద్దాయన వచ్చి “మా అమ్మ కూడా అంతే” అని చెప్పి వెళ్ళిపోయారు.

పత్రికలకి పంపాలంటే ముందు ఫాంటు సంగతి చూసుకోండి. డీటీపీ కొట్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో కొడతారు. అది అచ్చుకి బాగుంటుంది గానీ, ఆ ఫైలుని అను లేని ఫోన్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో కొట్టమని అడగండి. మండలి, గౌతమి, అందులో ఏ ఫాంటైనా సరే. చాలా పత్రికలు హామీపత్రం అడుగుతాయి. రచన మీ సొంతమని, అనువాదమో అనుకరణో కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని రాసి సంతకం పెట్టాలి. పూర్తి చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. ఒకే కథని ఒకేసారి రెండు చోట్లకి పంపకండి.

తిరిగొస్తే? నా మొదటి కథ రెండుసార్లు తిరిగొచ్చింది. రెండోసారి వచ్చాక మళ్ళీ చదివితే మొదటి పేజీ అంతా సముద్రం వర్ణనే. పడవ రెండో పేజీలో గానీ రాలేదు. మొదటి పేజీ మొత్తం తీసేసి పంపాను, వేసుకున్నారు. ఆలస్యమైనా కంగారు పడకండి. ఈ ఊళ్ళోనే 1910లో పుట్టిన శ్రీశ్రీ గారికి పేరు తెచ్చిన కవితల్లో ఎక్కువ భాగం 1930లలో రాసినవి. అవి పుస్తకంగా వచ్చింది 1950లో.

కథ అచ్చయిన పత్రిక రెండు కాపీలు కొన్నాను. ఒకటి భిలాయ్ పంపాను, ఇంకోటి జాలరిపేటలో ఇచ్చాను. ఆవిడకి చదువు రాదు, మనవరాలి చేత చదివించుకుందట. మొన్న మళ్ళీ కొట్టుకొచ్చింది. అర్జీ కోసం కాదు. “నిసేదం అయిపోయిన రాత్రి హార్బరుకి రా. బోట్లకి పసుపు రాసి, గంగమ్మకి దణ్ణమెట్టి ఒకదానెనక ఒకటి బయలెల్తాయి. సూసి రాయి” అంది. వెళ్ళాను. తెల్లారేదాకా ఉన్నాను. ఇప్పుడు టేబుల్ సొరుగులో పదకొండు కాగితాలున్నాయి, పైన ఆవిడ పేరుంది. ఇంకా టైపు కొట్టలేదు. శుక్రవారం వస్తానంది, ముందు ఆవిడ వినాలి.